శివమ్మ ఇంకా పండలే

ఎస్తేరుకు శివమ్మ అంటే రోత. కడుపుల తిప్పేంత రోత. గా శివమ్మ పక్కింటి మనిషి గాదు, శామీర్‌పేటల ఎన్నడన్న అడుగువెట్టిన మనిషి అసలే గాదు. ఎస్తేరు మొగడు జక్కయ్య పంతులు రాస్తున్న నవలల ఉంటది ఆమె. పదకొండేండ్ల సంది ఉంటాంది. ఆ ఇంట్ల కట్టుకున్న పెండ్లానికన్న శివమ్మకే మర్యాద ఎక్కువ. పెండ్లానికి జరం వస్తే కషాయం తాగి పండుకొమ్మంటడు, శివమ్మకు పాడైందంటే మూడు దినాలు బువ్వ ముట్టడు.

జక్కయ్య మిషన్ బడిల పంతులు. చెడ్డోడని అనరాదు. తాగడు, చెయ్యి లేపడు, ఆదివారం గుడి తప్పడు. ఎస్తేరు మెదక్‌ల బోర్డింగుల ఉండి చదువుకున్న పిల్ల, అచ్చు గుద్దినట్టు రాస్తది. ఆ చేతిరాత చూసే చేసుకున్నడని ఆమెకు పెండ్లయిన ఏడాదికే సమజైంది. ఆయన గీతలు కొట్టి, బాణాలేసి, అంచుల పొంటి కుక్కి రాసిందాన్ని ఈమె కూసొని సాపు రాయాలె. ఏడుసార్లు రాసింది సాపు. ఏడుసార్లు ఆయన మల్ల కొట్టేసిండు.

మొదటిపారి రాసినప్పుడు శివమ్మ మొగడు సచ్చిపోయిన మనిషి. తర్వాత జక్కయ్య మేడ్చల్ అంగట్ల ఎవరో గాజులమ్మే ఆడామెను చూసొచ్చిండు, ఇగ శివమ్మ గాజులమ్మవట్టింది, సచ్చిన మొగడు లేచి కూసున్నడు. బేస్తవారం ప్రార్థన కూటంల మనుషులు లేచి తమ బతుకుల సాక్ష్యం చెప్పుకుంటరు గదా, ఎట్ల పాడైనమో, ఎట్ల దేవుడు ఒడ్డున వేసిండో. అందరు కండ్లు మూసుకొని ఇంటరు. జక్కయ్య మాత్రం ఎనక గోడకు ఆనుకొని, చేతుల చిన్న పుస్తకం వట్టుకొని కూసుంటడు. ఏసమ్మ తన అత్త తనను కోడెల కొట్టంల వెట్టి గొళ్ళెం వెట్టిందని ఏడ్సుకుంట చెప్పిన మర్నాడే శివమ్మ పోయి గా కొట్టంల పడ్డది. ఏసమ్మ ఏడ్పు ఇంక ఆరకముందే.

లడాయి దినాలు, కాగితం దొరకదు. బడి పిలగాండ్ల పరీక్ష కాగితాల ఎనకవైపు రాయాల్సొచ్చేది. శివమ్మ దుఃఖం ఇటు, పన్నెండో ఎక్కం అటు.

ఎవరన్న అడిగితే జక్కయ్యకు పండుగే. నవల ఎందాక వచ్చింది పంతులూ అంటే చాలు, అరుగు మీద కూసొని తడిపితే ఊదారంగు తేలే పెన్సిలును నాలుక మీద అద్దుకుంట చెప్తడు. కథ దొరకంగనే రాసుడు పచ్చికాయ తెంపుడట. మనిషిని మనసుల వెట్టి మాగవెట్టాలెనట. మేడ్చల్‌ల జనార్ధన్ అనేటాయన పన్నెండు దినాల్ల ఒక నవల రాసి అచ్చేయిస్తే, అది చదివి ఈయన వాకిట్లకు పోయి ఉమ్మేసొచ్చిండు. పెన్సిల్ నాకి నాకి ఆయన కింది పెదవి ఎప్పుడు ఊదారంగే. నేరేడుపండ్లు తిన్న పిలగాని లెక్క. ఊరందరికి అలవాటై ఎవరు పట్టించుకోరు. ఎస్తేరుకు మాత్రం బువ్వ వడ్డించినప్పుడల్ల ఆ పెదవి కనవడ్తది, తన బువ్వ తనకు పోదు.

ఆ రోతకు ఒక మొదలున్నది. ముప్పై తొమ్మిదిల వాళ్ళకొక కొడుకు పుట్టిండు. ఏడు నెలలకు జరమొచ్చి నాలుగు దినాల్ల పోయిండు. పోయిన పొద్దు ఎస్తేరు పిలగాన్ని ఒడిల వెట్టుకొని ఏడ్సింది. జక్కయ్య మూలకు కూసొని తల వంచుకున్నడు. పాపం, ప్రార్థన జేస్తుండు, మొగోడు గదా నోరు తెరిసి ఏడ్వలేడు అనుకున్నది. ఆరు నెలలైనంక నాలుగోపారి సాపు రాస్తుంటే ఆ పేజీ వచ్చింది. శివమ్మ కొడుకు సచ్చిపోతడు అండ్ల. శివమ్మ మొదలు సప్పుడు జేయలే అని ఉన్నది. నోరు తెరిసింది గని గొంతు రాలేనట. కొంగు నోట్ల కుక్కుకున్నదట. ముక్కు చీదుకొని, సచ్చిన పిలగాని కాళ్ళకు సలి వెడ్తదని మల్లొకసారి గుడ్డ కప్పిందట.

ఎస్తేరు లేచి ఆయన చిన్న పుస్తకం తీసి చూసింది. ఆ తారీకే. ఆ పొద్దే. ఊదారంగుల, వరుసగ, తప్పు లేకుంట.

వారం దినాలు కలం ముట్టలే ఆమె. జక్కయ్య ఒకపారి అడిగిండు, చెయ్యి నొస్తుందా ఏందని. ఔనన్నది. ఇంకేం చెప్తది? తర్వాత ఆయనే ఆ పేజీ కొట్టేసిండు, శివమ్మకు పిల్లలు లేకుంటేనే బాగుంటదని. వాడు రెండుసార్లు సచ్చినట్టయింది ఎస్తేరుకు.

ఇట్ల సాగుతుంటే నలబై అయిదుల పట్నంల ఒక మాసపత్రికోళ్ళు నవలల పోటీ వెట్టిండ్రు. ఈస్టర్ తెల్లారి సోమవారం దాక గడువు. జక్కయ్య ఆ కాగితాన్ని మడత వెట్టి జేబుల దాసుకున్నడు. ఇది గూడ పోతే ఇగ లేదనుకున్నడు. గని తన గుణం తనకు ఎరికే. సాపు ప్రతి కండ్ల వడ్తే చాలు, మల్ల కొట్టివేతలు షురూ. అందుకే ఒక ఉపాయం జేసిండు. శ్రమల దినాల్ల ఒక్కొక్కరు ఒక్కొక్కటి ఇడిసిపెడ్తరు గదా, కూర తినేటోళ్ళు కూర, బీడీలు తాగేటోళ్ళు బీడీలు. తాను బూడిద బుధవారం సంది ఈస్టర్ దాక శివమ్మను ముట్టనని గుడిల అందరి ముంగట నిలవడి ఒట్టు వెట్టుకున్నడు. అయ్యగారికి మస్తు సంతోషమైంది. ఈ నలబై దినాల్ల ఎస్తేరు సాపు రాయాలె, తనకు చూపియ్యకుంట రిజిస్టర్ డాక్‌ల వెయ్యాలె, పాత కాగితాలు ఎప్పటిలెక్కనే పొయ్యిల వెట్టాలె.

బూడిద బుధవారం ముంగట ఎనిమిదోపారి రాసిన కట్ట ఆమె చేతులల్ల వెట్టిండు. మొఖం ఎలిగిపోతాంది. పండిందే, అన్నడు. ఇప్పుడు పండింది.

ఎనిమిది అధ్యాయాలు ఎస్తేరు మామూలుగనే రాసింది, మనసు పెట్టకుంట, శాపలు అల్లినట్టు. తొమ్మిదోది షురూ జేసి రెండు పేజీలు రాసినంక చెయ్యి ఆగిపోయింది.

శామీర్‌పేట చెరువు కట్ట. మబ్బుల మూడ్నెల్ల ఆడపిల్లను ఎర్రంచు తువ్వాలల చుట్టి శివమ్మ పట్టుకొని వస్తది. కట్ట కాడ పిల్లలు లేని ఒకామె నిలవడి ఉంటది. పిల్ల ఎడమ మోచేతి మీద ఏడ్పు మానాలెనని పెట్టిన వాత, సుక్కంత.

అది కథ గాదు. అది ఎస్తేరు చెల్లె సాయమ్మ బతుకు.

పెండ్లి గాకముందు సాయమ్మకు ఒక ఆడపిల్ల పుట్టింది. తల్లి ఆమెను సిద్దిపేటల చిన్నవ్వ ఇంట్ల దాసి కానుపు జేయించింది. ఆ పిల్లను లాల్‌గడి మలక్‌పేట్ ఐలమ్మ చేతుల వెట్టింది ఎస్తేరే, గా కట్ట మీదనే, గా తువ్వాలలనే చుట్టి. తల్లి, చిన్నవ్వ ఇప్పుడు లేరు. ఇగ ఈ ముచ్చట ఎరికైనోళ్ళు అక్కచెల్లెండ్లిద్దరు, ఐలమ్మ, అంతే. తెల్లారకముందు ఇంట్లకెల్లి ఎటు పోయినవని మొగడు అడిగితే అబద్ధం రాక, ఎస్తేరు ఆయనకొక్కనికి చెప్పుకున్నది. దేవుని ముంగట ఒట్టు వెట్టించుకొని చెప్పింది. ఆ పిల్ల జంగమ్మ, తొమ్మిదేండ్లది, ఐలమ్మనే కన్నతల్లి అనుకొని అవ్వా అని పిలుసుకుంట బర్లు కాస్తది. సాయమ్మకు తర్వాత సాలోమోనుతోని పెండ్లయింది. మేడ్చల్ టేషన్ల రైలుకు జెండా ఊపే పని ఆయనది. ఇద్దరు కొడుకులు. నిమ్మళంగ బతుకుతున్నరు. ఆ తువ్వాల, ఆ వాత అచ్చుల వడ్తే మేడ్చల్ కెల్లి మలక్‌పేట్ దాక జంగమ్మను గుర్తువట్టి పంతులు ఇంటి దిక్కు వేలు చూపని మనిషి ఉండడు.

ఇంకొకటి చెప్పాలె, అదే ఎస్తేరుకు అన్నిటికన్న ఎక్కువ రోత వుట్టిచ్చింది. ఆ అధ్యాయం బాగున్నది. పదకొండేండ్లల్ల మొదటిసారి శివమ్మకు పానం వచ్చింది. చదువుతుంటే ఎస్తేరు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. తన చెల్లె ఏడ్పును దొంగిలించినోడు గింత మంచిగ ఎట్ల రాసిండని, కొంగుతోని కండ్లు కాదు, మొఖమంత గట్టిగ తుడుసుకున్నది.

పగటాల్ల జక్కయ్య బడి కెల్లి తినవచ్చిండు. రొట్టె వెట్టి, ఆ అధ్యాయం తీసెయ్యుమన్నది.

జక్కయ్య రొట్టె తుంపుకుంట నిమ్మళంగ చెప్పిండు, తాను ముట్టరాదట, గుడిల ఒట్టు వెట్టుకున్నడట. పేర్లు మార్చిండట గదా. సాయమ్మకు అక్షరం రాదు, సాలోమోనుకు రాదు, ఎవరు చదివేది?

"సాలోమోనుకు చదువు రాదు గని చెవులున్నయి," అన్నది ఎస్తేరు. "ప్రతి ఆదివారం టేషన్ ఎదురుంగ గౌరయ్య గదిల కూసొని, ఆయన చదివి ఇనిపిచ్చే కథలు ఇంటడు. నువ్వు దేవుని మీద ఒట్టు వెట్టి నోరు తెరవనంటివి."

"నోరు తెరిసిన్నా? రాసిన." జక్కయ్య ఆమె దిక్కు చూసిండు, నిజంగనే బాధపడ్డోని లెక్క. "పదకొండేండ్లు ఆమెకు పానం రావాలెనని ఎదురుచూసిన. ఇప్పుడు వచ్చింది. నీ చెల్లె కోసం ఆమెను సంపుమంటవా?"

ఎస్తేరు ఆయన పెదవి చూసింది. చేతుల ఉన్న రొట్టె కింద వెట్టింది. ఈ మనిషికి రక్తమున్న సాయమ్మ ఒక దిక్కు, సిరా శివమ్మ ఒక దిక్కు. తూకమేసి చూసుకున్నడు, సిరాదే బరువైంది. ఇగ మాట్లాడి లాభం లేదని సల్ల పోసి లేచింది.

మర్నాడు ఏదో నెపం జెప్పి బండెక్కి మేడ్చల్ పోయింది. చెల్లెకు చెప్పాల్నా వద్దా అని తొవ్వంత కొట్టుకున్నది. సాయమ్మ వాకిట్ల కందులు ఆరవోస్తాంది, అక్కను చూసి మురిసిపోయింది. సాలోమోను పని దిగివచ్చి చెంబుతోని నీళ్ళిచ్చిండు. పంతులన్న నవల ఎప్పుడు అచ్చయితదని ఆయనే అడిగిండు. అది గౌరయ్య గదిల చదివిన పొద్దు తాను సెలవు వెట్టి ముందల వరుసల కూసుంటడట, మా తోడల్లుడే అని అందరికి చెప్పుకున్నడట. సాయమ్మ నవ్వుకుంట చిన్నోని ముక్కు తుడుస్తాంది. ఎస్తేరు నీళ్ళు తాగి, ఏం చెప్పకుంట తిరిగొచ్చింది.

అధ్యాయం తీసేసుడు ఎంతసేపు? రెండు నిమిషాల పని. గని నవలల ఆ పొద్దు సందే శివమ్మ నోరు మూగైపోతది, అది తీస్తే ఎందుకు మూగైందో చదివేటోళ్ళకు తెల్వదు. తర్వాత ఆరు అధ్యాయాలు దాని మీదనే నిలవడ్డయి. ఆ బొక్కల ఏదో ఒకటి వెట్టాలె. ఉట్టిగ పంపితే జక్కయ్య ఓడిపోతడు, ఓడితే మల్ల తొమ్మిదోపారి మొదలువెడ్తడు, మల్ల చెరువు కట్ట తెస్తడు. గెలవాలె. గెలిస్తేనే ఈ పీడ ఒదుల్తది.

ఎస్తేరు కలం వట్టుకొని కూసున్నది. ఒక ఆడది నోరు మూగైపోవాలంటే ఏం జరగాలె? ఎక్కువ ఆలోచించే పని పడలే.

శివమ్మకు నర్సయ్య అని మొగడున్నడు నవలల. పదకొండేండ్లల్ల ఆ నర్సయ్యకు మొఖం లేదు. వస్తడు, మంచిమాట చెప్తడు, పోతడు. దేవుని పటం లెక్క గోడకు ఉంటడు. ఎస్తేరు ఆ పటాన్ని గోడ మీదికెల్లి దించింది. నర్సయ్యను దస్తావేజులు రాసేటోన్ని జేసింది. జేబుల చిన్న పుస్తకం వెట్టింది. పెన్సిల్ నాలుకకు అద్దుకునే అలవాటు వెట్టింది, కింది పెదవికి ఊదారంగు పూసింది. జరమున్న కొడుకు కాడ పెండ్లాం కూసుంటే, ఊర్ల ఎవరి గోడు ఎట్లున్నదో రాసుకోవోయినోన్ని జేసింది. ఆ పిలగాడు పోయిన పొద్దు మూలకు కూసొవెట్టింది. పెండ్లాం ఎట్ల నోరు తెరిసిందో, కొంగు ఎప్పుడు కుక్కుకున్నదో, పిలగాని కాళ్ళు ఎన్నిసార్లు కప్పిందో, ఒక్కొక్కటి ఆయన చేతనే రాయిచ్చింది. తర్వాత ఆ పుస్తకాన్ని శివమ్మ చేతికి దొరకనిచ్చింది. శివమ్మ ఇగ జన్మల ఆయనతోని మాట్లాడదు.

తొమ్మిది దినాలు వట్టింది. జక్కయ్య బడికి పోంగనే కూసునేది, బడి ఇడిసేసరికి లేసేది. ఎట్ల రాయాలె, ఏం రాయాలెనని ఒక్కనాడు తల గోక్కోలే. ఆమెకు మాగవెట్టే పని లేకుండె. గుర్తుకు తెచ్చుకునేదే ఉండె.

గని సంతోషం గాలే. కసి తీరినట్టు గాలే. రాస్తుంటే రాస్తుంటే తన మీద తనకే అసయ్యం వుట్టింది. సచ్చిన కొడుకును మల్ల బయటికి తీసి కాగితం మీద వెడ్తున్న గదా, ఆయన జేసిందే నేను జేస్తున్న గదా అనుకున్నది. మంచి శుక్రవారం గుడిల అందరు పాడుతుంటే ఆమె నోరు పెగల్లే. నా చెల్లెను కాపాడు, తర్వాత నన్ను ఏమన్న జెయ్యి అని దేవునికి చెప్పుకున్నది. చెరువు కట్ట కాగితాలు పొయ్యిల వెట్టి, అవి కాలి బూడిదయ్యేదాక కూసొని చూసింది. కట్టను తానే తీసుకవోయి డాక్‌ల వేసింది.

వానకాలంల జవాబు వచ్చింది. జక్కయ్యకే మొదటి బహుమతి. నవల నెలనెల అచ్చేస్తమని, దానికన్న ముందు అందరికి రుచి చూపిచ్చెతందుకు తొమ్మిదో అధ్యాయం ఈ సంచికలనే ఏస్తున్నమని రాసిండ్రు. నర్సయ్య పాత్ర తెలుగుల ఇంతకుముందు రాలేదని పొగిడిండ్రు. జక్కయ్య ఆ ముక్క మూడుసార్లు చదివిండు. నర్సయ్యనా అని గొణుక్కున్నడు.

నాలుగు దినాలకు సంచిక వచ్చింది. జక్కయ్య మంచం మీద కూసొని చదువుతుండు. ఎస్తేరు పొయ్యి కాడ కూసొని గంటె తిప్పుతాంది, తిప్పుతాంది, పప్పు మాడుతున్న వాసన గూడ తెలుస్తలేదు. పెదవి కాడికి వచ్చి ఉంటడు ఇప్పుడు. పిలగాని కాడికి వచ్చి ఉంటడు. లేచి వస్తడు, కొడ్తడు, లేకుంటే ఏడుస్తడు. ఏడిస్తే బాగుండు అని గూడ అనిపించింది ఒక్క గడియ. ఏడిస్తే ఆయన కాళ్ళ మీద వడి తాను గూడ ఏడ్సేది.

"కట్ట మీద పిల్లనిచ్చేది ఏదే?" అన్నడు లోపలికెల్లి.

"నువ్వే తీసెయ్యమంటివి. మనం కొట్లాడిన మూడోనాడు, ఒట్టు పక్కకు వెట్టి." గంటె ఆపకుంటనే చెప్పింది. "నర్సయ్యను గట్టిగ వెట్టుమని కాగితాలు వేరే ఇయ్యలేదా?"

లోపల పేజీలు ఎనకకు ముందుకు తిప్పుతున్న సప్పుడైంది. ఎనిమిదిసార్లు రాసి, ఏడుసార్లు కొట్టేసి, తీసెయ్యని, మల్ల వెట్టుమని వెయ్యి మాటలు చెప్పిన మనిషి. ఏది రాసిండో ఏది కొట్టేసిండో ఆయనకే లెక్క లేదు.

"ఔ," అన్నడు. "ఇచ్చిన."

పొద్దుమీకేసరికి ఆయనకు మొత్తం గుర్తుకొచ్చింది. నర్సయ్య తనకు ఎప్పుడు తట్టిండో, ఏ చెట్టు కింద తట్టిండో ఎస్తేరుకు వివరంగ చెప్పవట్టిండు. పిలగాడు సచ్చే కాడ తన చెయ్యి ఎట్ల వణికిందో గూడ చెప్పిండు. ఎస్తేరు ఇనుకుంట మాడిన గిన్నె తోమింది. కాళ్ళు కప్పిన గుడ్డ ముచ్చట చదివి గూడ ఈ మనిషికి ఏ గుడ్డనో, ఏ కాళ్ళో యాదికి రాలే. ఆ గిన్నె బొక్క వడేదాక తోమేదే, చేతులు మండి ఆపింది.

వచ్చే ఆదివారం మేడ్చల్‌ల గౌరయ్య గది కిక్కిరిసింది. టేషన్ ఎదురుంగ ఉంటది ఆ గది, పేపర్లు, పుస్తకాలు వెట్టి, చదువు రానోళ్ళకు గౌరయ్య చదివి ఇనిపిస్తడు. ఆ పొద్దు మాత్రం జక్కయ్యే చదువుతనన్నడు. సాలోమోను చెప్పినట్టే సెలవు వెట్టి ముందల కూసున్నడు. ఆడోళ్ళు అరుగు మీద, సాయమ్మ ఎస్తేరు పక్కన చిన్నోన్ని ఒడిల వెట్టుకొని.

జక్కయ్య గొంతు సవరించుకొని ఎత్తుకున్నడు. ఆయన చదివితే ఎవరన్న ఇనాలె, గంట కొట్టినట్టుంటది. నర్సయ్య పెన్సిల్ నాలుకకు అద్దుకున్నడని చదివిండు. నర్సయ్య కింది పెదవి ఎప్పుడు ఊదారంగే అని, అదే పెదవితోని చదివిండు.

గదిల కదులుడు ఆగిపోయింది. ఒకాయన దగ్గబోయి మింగేసిండు. గౌరయ్య తలెత్తి జక్కయ్య మొఖం చూసి, జల్దీ నేల దిక్కు చూసిండు. జక్కయ్యకు అది తన గొప్పతనం అనిపించింది, గొంతు ఇంక పెంచిండు. పిలగాడు పోయిండు. నర్సయ్య మూలకు కూసొని రాసుకున్నడు. అరుగు మీద ఆడోళ్ళు కొంగులు నోటికి అడ్డం వెట్టుకున్నరు. సాయమ్మ చెయ్యి వచ్చి ఎస్తేరు మోకాలు మీద వడ్డది. అట్లనే గట్టిగ పట్టుకొని కూసున్నది.

చదువుడు అయిపోయింది. చప్పట్లు రాలే, కొంచెం ఆగి ఎవరో ఇద్దరు కొట్టిండ్రు. గౌరయ్యనే అడిగిండు, మర్యాద కోసం, ఇసొంటి మనిషిని తయారు జెయ్యనీకె ఎన్ని దినాలు వట్టింది, ఎక్కడ దొరికిండు ఇసొంటోడని.

"పదకొండేండ్లు," అన్నడు జక్కయ్య. "దొరుకుడు ఎక్కడిది, అంత నా ఊహ. ఇసొంటోడు నిజంగ నా కండ్ల వడితే మొఖం మీద ఉమ్మేస్తుంటి."

సంచిక మీద ఎవరికో సంతకం వెట్టాలెనని పెన్సిల్ తీసి నాలుకకు అద్దుకున్నడు.

ఒక్కరు నవ్వలే. నవ్వినా ఎస్తేరుకు బాగుంటుండె. ఆమె లేచి అరుగు దిగి వేపచెట్టు కాడ నిలవడ్డది. సాలోమోను చెంబుతోని నీళ్ళు తెచ్చిండు. ఆయన కండ్లు ఎర్రగైనయి. వదినె, నాకు మన పిలగాడు యాదికచ్చిండు అన్నడు మెల్లగ. గింత మంచోని ఇంట్ల అగ్గి వెడ్తుంటిమి గదా అని ఎస్తేరు వేపచెట్టుకు ఆనుకున్నది. నీళ్ళు తాగి మొఖం కడుక్కున్నది. పోనీ, కాపాడుకున్న అనుకున్నది. ఒడ్డున వడ్డం.

ఇంటికొచ్చి ఇంక దీపం గూడ వెట్టలే, జక్కయ్య అరుగు మీద కూసొని కొత్త పుస్తకం తెరిసిండు. ఊపు మీదున్నడు. ఇప్పుడు ఆగరాదట. పట్నపోళ్ళు ఇంకో నవల అడుగుతున్నరట.

"కట్ట మీది పిల్ల ముచ్చట మిగిలిపోయింది గదా," అన్నడు. "అది దేంట్లనో ఒక దాంట్ల ఇమిడ్చేది గాదు ఎస్తేరు. దానికి దానిదే ఒక నవల గావాలె. నా బుక్కుల అంత రాసే ఉన్నది."

ఎస్తేరు చేతుల చాట ఉన్నది, అట్లనే పట్టుకొని నిలవడ్డది. ఆ చిన్న పుస్తకాన్ని కాలవెట్టొచ్చు, ఆయన తలకాయను ఎట్ల కాలవెడ్తది? ముచ్చట అండ్ల ఉన్నది. ఈయన ఊపిరి ఉన్నన్ని దినాలు అండ్లనే ఉంటది.

ఎన్నేండ్లు వడ్తదని అడిగింది.

"ఏం జెప్తం? పండాలె గదా."

ఎస్తేరు నిలవడ్డ కాడనే లెక్క వేసుకున్నది. జంగమ్మకు ఇప్పుడు తొమ్మిది. పదకొండేండ్లయితే ఇరవై. అప్పటికి ఏ దూరపూర్లనో కాపురం జేసుకుంటుంటది. ఇంకో పదకొండైతే పిల్లల తల్లి, మోచేతి మీద సుక్క ఎవరు చూస్తరు? సాయమ్మ కొడుకులు పెద్దోళ్ళైతరు. సాలోమోను జెండా ఊపుడు బందువెట్టి మంచంల కూసుంటడు. ఇన్నేండ్లు ఏ ఆలస్యానికి పండ్లు కొరుక్కున్నదో, ఆ ఆలస్యమే ఇగ దిక్కు.

జక్కయ్య మొదటి పేజీ రాసి, ఇను అని చదివి ఇనిపిచ్చిండు. మబ్బుల చెరువు నీళ్ళు, కట్ట మీద ఒక ఆడది, చేతుల్ల తువ్వాల. బాగున్నది. పానమున్నది దానికి.

చాట కింద వెట్టి ఆయన పక్కకొచ్చి కూసున్నది. పదకొండేండ్లల్ల అట్ల వచ్చి కూసొనుడు ఇదే మొదలు. ఆ ఊదారంగు పెదవిని దగ్గరికెల్లి చూసుకుంట తల అడ్డం ఊపింది.

"ఇంకా పండలే," అన్నది. "మల్ల రాయి."

జక్కయ్య ఆమె దిక్కు చూసిండు. ఆయన కండ్లల్ల నీళ్ళొచ్చినయి. ఇన్నేండ్లకు నన్ను అర్థం జేసుకున్నవే అన్నడు. పేజీ చింపి ఆమె చేతికిచ్చిండు. ఎస్తేరు దాన్ని తీసుకవోయి పొయ్యిల వెట్టి, పెన్సిల్ చెక్కి ఇచ్చింది.